బస్సు ఎక్కని మనిషి

సంగారెడ్డి

గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారం.

గురువారం సదస్సులో నా పరిశోధన నుంచి నేను చదవాల్సిన అధ్యాయం గురించి ఈ ఉత్తరం. యూనియన్‌లో ఏ పదవీ లేకుండానే కార్మికులను నడిపించే ఆడవాళ్ల మీద రాసినది అది. మీకు బాగా నచ్చింది కూడా.

అందులో ఉన్న కాంట్రాక్టు కార్మికురాలు మా పెద్దమ్మ. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అన్యాయం జరిగితే ఆమె నినాదాలివ్వదు. పొద్దున కంపెనీ బస్సు వస్తే ఎక్కకుండా పక్కన నిలబడుతుంది. ఆమె ఎక్కేదాకా మిగతా ఆడవాళ్లెవరూ ఎక్కరు.

నేను ఆమె పేరు మార్చాను, ఆమె ఊరు హత్నూరను కొండాపూర్ చేశాను. అంతటితో సరిపోతుందనుకున్నాను. నిన్న ఆహ్వాన పత్రిక చూస్తే ఆ ఫ్యాక్టరీ మేనేజరే ముఖ్య అతిథి.

పెద్దమ్మకు చెబితే నవ్వింది. "పేరు మార్చినవ్ సరే, బస్సు ఎక్కకుంట నిలబడేది నేనొక్కదాన్నే గదనే పిచ్చిదానా! ఏం గాదు, పోయి సదువు. పనిలకు రానియ్యకుంట గేటు కాడ ఆపితే నేను సూసుకుంట" అంది.

ఆమె ఒప్పుకున్నాక నా భయం ఇంకా పెరిగింది. మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేనే. నా చదువు కోసమంటే ఆమె దేనికైనా సరేనంటుంది. అలాంటి అనుమతిని ఎలా వాడుకోను?

ఆ అధ్యాయాన్ని సిద్ధాంత గ్రంథంలోంచి కూడా తీసేస్తే నా పరిశోధనలో నాయకులంతా మగవాళ్లే మిగులుతారని తెలుసు. దాని బదులు వేరేది రాస్తూ సమర్పణ ఆలస్యమైతే ఫెలోషిప్ ఆగిపోవచ్చనీ తెలుసు. దయచేసి గురువారం వేరే అధ్యాయం చదవనివ్వండి.

మీరు కాదన్నా దాన్ని నేను చదవలేను మేడమ్. ఈ మాట మీ ఎదుట అనడానికి ధైర్యం చాలక రాస్తున్నాను.

మీ విద్యార్థిని