మొద్దుకి క్షవరం

అన్నయ్యా,

ఓడ ఏ రేవులో ఆగితే అక్కడ నీకు ఇది అందుతుందని మీ కంపెనీవాళ్లు చెప్పారు. ఇంజన్ గదిలో వేడికి ఎలా ఉంటున్నావో ఏమో. ఈ ఉత్తరం రాయమన్నది నాన్న. "కాలేజీలో పెద్ద పెద్ద మాటలు నేర్చుకుంటున్నావుగా, వాడికి నొప్పి తెలియకుండా రాయి" అన్నాడు. నాన్న గడ్డం గీసినంత మెత్తగా రాయడం నాకు రాదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నీ కుక్కని, మన మొద్దుని, ఇచ్చేస్తానంటున్నాడు. గోడౌన్ కాపలాదారు అడిగాడట, ఆదివారం వచ్చి తీసుకుపోతాడట.

ఆగు, కాగితం నలిపెయ్యకు. కారణం కూడా విను. కారణం బొచ్చు.

నాకీమధ్య మాటల పిచ్చి పట్టింది. తలమీద ఉన్నంతసేపూ జుట్టు, తెగి నేలమీద పడితే వెంట్రుక, మొద్దు ఒంటిమీదైతే బొచ్చు. అదే కూరలో కనిపిస్తే అమ్మ దానికి పెట్టే పేర్లు ఏ నిఘంటువులోనూ లేవు. నువ్వున్నప్పుడు రోజూ దువ్వేవాడివి కాబట్టి మాకు తెలియలేదు. ఇప్పుడు తలుపు తీస్తే చాలు, మూలల్లోంచి బొచ్చు ఉండలు చుట్టాల్లా ఎదురొస్తున్నాయి. నా నీలం యూనిఫాం గోధుమ రంగుకి తిరిగింది. నా పళ్లు తోముకునే బ్రష్షుకి రెండు రకాల పోగులున్నాయి.

"పొద్దున్నించి సాయంత్రం దాకా షాపులో జుట్టు ఊడ్చి ఊడ్చి ఇంట్లోకొస్తే ఇక్కడా అదేనా? అక్కడైతే డబ్బులైనా ఇస్తారు!" అంటాడు నాన్న. ఇంటికీ షాపుకీ మధ్య ఉన్నది ఒక్క తలుపే కదా. మొన్న రిటైరైన పోస్టుమాస్టరు గారు కుర్చీలో కూర్చుని, ఒంటిమీద కప్పిన గుడ్డకేసి చూసి, "ఏమోయ్, నా నెత్తిన ఒక్కటీ లేదు కదా, మరి ఒళ్లోకి ఇన్ని ఎక్కడివోయ్?" అన్నారు. షాపంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. మర్నాడు బ్యాంకు మేనేజరు సబ్బు నురగలో ఒక గోధుమరంగు వెంట్రుక చూసి, సగం గడ్డంతో లేచి ఎదురు షాపుకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు.

కానీ అన్నయ్యా, బొచ్చు ఒక్కటే కాదనిపిస్తోంది. నువ్వు షాపు వద్దని ఓడెక్కిన దగ్గర్నుంచి నాన్న నీ పేరెత్తడు. 'వాడు' అంటాడు, అంతే. మొద్దు గుమ్మంలో కూర్చుని వీధికేసి చూస్తుంటే మొహం తిప్పుకుంటాడు. నీమీద కోపం దానిమీద తీర్చుకుంటున్నాడా, నీమీద బెంగ దానిలో చూడలేకపోతున్నాడా, నాకు తెలియడం లేదు.

అమ్మ బతిమాలింది. నేను ఏడ్చాను. చివరికి, "సరే, ఆదివారం లోపల నేనే దీని సంగతి చూస్తాను. జుట్టు నా పని. అసలు జుట్టే లేకపోతే ఇక రాలేదేముంది?" అన్నాడు. ఆ మాటమీదే ఆశ పెట్టుకున్నాను.

నీ వాగుడుకాయ

*

బంగారు అన్నయ్యా,

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నాన్న మొద్దుకి క్షవరం చేశాడు.

పెరట్లో పీట వేసుకుని, మంచి మిషన్ తీసి, మెడ నుంచి తోక దాకా నున్నగా దించేశాడు. అది ఎంత బుద్ధిగా కూర్చుందో! నువ్వు వెళ్లాక అంతసేపు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు మరి. అమ్మ బయటికొచ్చి, "అయ్యో రామా, ఇదేంటండీ, తొక్క తీసిన బంగాళాదుంపలా ఉంది!" అంది.

రాలడం ఆగిందా? లేదు. ఇదివరకు పొడుగ్గా రాలేవి, ఇప్పుడు పొట్టిగా, సూది మొనల్లా రాలి మేజోళ్లలో గుచ్చుకుంటున్నాయి. ఎండలో దొర్లడం దానికి అలవాటు కదా, రెండు రోజులకే వీపంతా ఎర్రగా కందిపోయింది. పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

"ఎవరు చేశారిది?" అన్నారావిడ.

"నేనేనమ్మా."

"ఎవరు నేర్పారండీ మీకు?"

నాన్న పనిని ఇన్నేళ్లలో అంత మాట ఎవరూ అనలేదు. డాక్టరమ్మ ఊరుకోలేదు. "ఈ జాతికి రెండు పొరలుంటాయి. పైది గొడుగు, లోపలిది దుప్పటి. మీ ఇంట్లో ఎగిరేది ఎక్కువ దుప్పటి దూదే. రోజూ దువ్వితే దువ్వెనలోకే వచ్చేస్తుంది. మీరేమో గొడుగు విరగ్గొట్టారు. మళ్లీ మునుపటిలా వస్తుందో రాదో చెప్పలేను. వచ్చినా నెలలు పడుతుంది."

ఇంటికి రాగానే నాన్న తన పాత తెల్లకోటు చేతులు కత్తిరించి మొద్దుకి తొడిగాడు. ఇప్పుడది షాపులో కొత్తగా చేరిన పనివాడిలా ఉంది.

ఆదివారం కాపలాదారు తాడుతో సహా వచ్చాడు. "ఇదేంటన్నా, కుక్కనిస్తానని గొర్రెనిస్తున్నావు? సర్లే, మొరిగితే చాలు" అని వంగాడు.

"ఉండు తమ్ముడూ. ఇప్పుడివ్వను" అన్నాడు నాన్న.

"మాటిచ్చావుగా?"

"ఇచ్చాను. కాదనడం లేదు. కానీ నా చేతికింద చెడిన తల ఇలా వీధిలో తిరగడానికి వీల్లేదు. బొచ్చు పెరగనీ, అప్పుడు తీసుకుపో."

"కుక్కకి కూడా పరువేంటన్నా!"

"దానికి కాదయ్యా, నాకు."

అలా గడువు దొరికింది. ఉత్త గడువే. బొచ్చు త్వరగా రావాలని మందు రాస్తాను, రాస్తూ రాస్తూ రాకూడదని మొక్కుకుంటాను. రాకపోతే దానికి బాధ. వస్తే దాన్ని తీసుకుపోతారు. ఏది కోరుకోను, చెప్పు?

నీ వాగుడుకాయ

*

మా అన్నయ్యకి,

సెలవు దొరికింది, ఇంటికొస్తున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. అమ్మ దాన్ని నాచేత పదేపదే చదివించుకుంది. నాన్న అటువైపు తిరిగి అన్నిసార్లూ విన్నాడు.

మొద్దుకి బొచ్చు వచ్చేసింది. రెండు పొరలూ వచ్చాయి. ఒకచోట అలలు అలలుగా, ఒకచోట రంగు తేడాగా ఉన్నా, వచ్చింది. షాపు షట్టరు ఎత్తకముందే నాన్న పెరటి మెట్టుమీద కూర్చుని దాన్ని దువ్వుతాడు. చెవుల వెనక, పొట్టకింద, తొడల మీద, తొందరపడడు. చివర్లో తడి రబ్బరు తొడుగు వేసుకుని ఒళ్లంతా నిమిరితే మిగిలింది ముద్దలా వచ్చేస్తుంది. తర్వాత చొక్కా మార్చుకుని షాపులోకి వెళ్తాడు. ఇల్లు పూర్తిగా బాగుపడిందని అబద్ధం చెప్పను. కానీ బ్యాంకు మేనేజరు మళ్లీ మన కుర్చీలోనే కూర్చుంటున్నాడు.

దువ్వుతూ నాన్న దాంతో కబుర్లు చెబుతాడు. "వాడు ఏం తింటున్నాడో అక్కడ, నీకేమైనా రాశాడా?" అంటాడు. వంటింట్లోంచి అమ్మ, "కుక్కతో చెప్పేవన్నీ కొడుకుతో చెప్పొచ్చుగా!" అంటే, "నీకెందుకూ, మేమేదో మాట్లాడుకుంటున్నాం" అంటాడు.

పోయిన వారం కాపలాదారు మళ్లీ వచ్చాడు. "అబ్బో, నిగనిగలాడుతోందే! ఇక ఇచ్చెయ్యన్నా."

నాన్న కళ్లజోడు సర్దుకుని, మొద్దు తోక పైకెత్తి, "ఇదిగో, ఇక్కడ ఇంకా రాలేదు" అన్నాడు.

కాపలాదారు వంగి చూశాడు. నేనూ చూశాను. అక్కడ దూదిపరుపు కంటే ఒత్తుగా ఉంది.

"ఎక్కడన్నా?"

"నీకు కనపడదులే. ఇది పనివాడి కంటికే కనపడుతుంది."

"ఎప్పటికి వస్తుందేంటి?"

"చెప్పలేం తమ్ముడూ."

కాపలాదారు నాన్న మొహం చూశాడు, మొద్దు మొహం చూశాడు, పెద్దగా నవ్వి, "అర్థమైందిలే. నేను ఇంకో కుక్కని చూసుకుంటాను" అని తాడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను అక్కడే కూలబడి మొద్దు మెడ కావలించుకున్నాను. నోట్లోకి బొచ్చు వెళ్లింది. ఉమ్మలేదు.

అన్నయ్యా, నీకు కృతజ్ఞతలు చెప్పాలని నిఘంటువు తిరగేశాను, సరిపోయే మాట దొరకలేదు. ఈ మొద్దుని మా మీద పడేసి పోయావని మొదట్లో నాకూ విసుగుండేది. నువ్వు దాన్ని వదిలి వెళ్లకపోతే నాన్న చేతులకి నిన్ను తలుచుకునే దారే ఉండేది కాదు. అది చాలు. ఇంతకంటే చక్కగా రాయలేను.

ఈ మాట రాస్తుండగానే నాన్న భుజాన తువ్వాలుతో వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఓడలో వాడికి జుట్టు ఎవడు కత్తిరిస్తాడో."

"నాకేం తెలుసు నాన్నా."

కాగితంమీద వేలు పెట్టాడు. "దారిలో ఎక్కడా కత్తిరించుకోవద్దని రాయి. ఎంత పెరిగినా సరే, అలాగే ఇంటికి రమ్మను."

రాశాను.

నీ వాగుడుకాయ