బ్యాంకులో మీ పేరు

ఏవండీ,

కుట్టుమిషను లోనుకని ఏలూరు బ్యాంకుకు వెళ్తే, మీరు చేపల చెరువు కోసం చేసిన పాత అప్పు నా సిబిల్ రిపోర్టులో ఇంకా ఉందన్నారు. హామీ సంతకం నాదే కదా. కొంచెం కొంచెంగా కట్టి, ఇవాళ అంతా తీర్చేశాను.

తీరినట్టు కాగితం ఇవ్వడానికి, "ఎవరి అప్పమ్మా?" అని కౌంటర్లో ఆయన అడిగారు.

"మా వారిదండీ."

"మీ వారికి పేరు లేదా అమ్మా?"

ఎప్పుడూ అత్తయ్యే చెప్పేవారు. మీరు పోయిన రోజు ఆస్పత్రిలోనూ ఆవిడే చెప్పారు. ఇవాళ ఆవిడ రాలేదు. నేనే చెప్పాను. వినపడలేదంటే ఇంకోసారి గట్టిగా చెప్పాను. ఆయన రాసుకుని, రిపోర్టు మారడానికి నెల పడుతుందన్నారు.

చెరువు గట్టు మీద ఒక్కసారి పేరు పెట్టి పిలవమని మీరు అడిగితే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పారిపోయాను. ఇవాళ రెండుసార్లు పిలిచానండీ. ఎవరూ పలకలేదు.