డాక్టరు గారి ఇంగ్లీష్‌కి నా తర్జుమా

ఆగస్టు 5, మంగళవారం, సాయంత్రం 6

నా నోరు ఉందే, దాన్ని కుట్టెయ్యాలి.

మా ఆవిడ పరిమళ మెడ మీద గడ్డకి సూది పెట్టి తీసిన టెస్టు రిపోర్టు ఇవాళ వచ్చింది. డాక్టరు అనంతకృష్ణ గారు తెలుగులోనే మొదలుపెట్టారు. కూర్చోండమ్మా అన్నారు. నేను ఊరుకుంటేనా! వెనక బెంచీ మీద మా ఆఫీసు సూపరింటెండెంట్ గారి భార్య కామేశ్వరమ్మ గారు తన వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఆవిడకి వినపడేలా, యూ కెన్ స్పీక్ ఇన్ ఇంగ్లీష్ డాక్టర్, ఐ యామ్ ది ఇంటర్‌ప్రెటర్ ఇన్ అవర్ చర్చ్ అన్నాను. ఆయన గొంతు సవరించుకుని ఇంగ్లీష్ ఎత్తుకున్నారు. ఐదు నిమిషాలు. నేను ప్రతి మాటకీ యస్ డాక్టర్, అఫ్‌కోర్స్ డాక్టర్. నాకు దొరికినవి మూడు ముక్కలు. సర్జరీ. సిక్స్ మంత్స్. డోంట్ వర్రీ.

మెట్లు దిగుతూ పరిమళ ఏటన్నారండీ అంది. ఏం లేదు, రెస్ట్ తీసుకోమన్నారు అన్నాను. స్కూటర్ తెస్తానని పార్కింగ్‌లోకి పారిపోయాను.

ఆగస్టు 6, బుధవారం

రిపోర్టు ఆఫీసుకి పట్టుకెళ్లి ఒక్కో మాటా గూగుల్‌లో కొట్టాను. ఏ దారిన వెళ్లినా చివరికి క్యాన్సరే తగిలింది. డోంట్ వర్రీ అని ఎవరితో అంటారు? వర్రీ కావలసినవాళ్లతోనే కదా. ఆరు నెలలంటే ఫిబ్రవరి.

ఎవర్నైనా అడగొచ్చు. ఏ మొహం పెట్టుకుని అడగను? ఆఫీసుకి ఇంగ్లీష్ లెటరొస్తే సాల్మన్‌రాజు గారిని పిలవండంటారు. చర్చికి బయటి బోధకుడెవరొచ్చినా పక్కన నిలబడి తర్జుమా చేసేది నేనే. పద్దెనిమిదేళ్లుగా. ఇక్కడ నిజం రాసుకుంటే పోయేదేముంది? వాళ్లు చెప్పేదాంట్లో సగం నాకు అర్థం కాదు. అధ్యాయం, వచనం వినపడితే చాలు, బైబిలు కంఠతా వచ్చు కాబట్టి మిగతా ప్రసంగం నేనే లాగించేస్తాను. ఆయనకి తెలుగు రాదు, వీళ్లకి ఇంగ్లీష్ రాదు. బండి నడిచిపోయింది.

నిన్న పరిమళ దగ్గరా అదే బండి తోలాను.

ఆగస్టు 7, గురువారం

పరిమళ రొయ్యలు వండింది. అన్నం వదిలేశాను. రొయ్యలు కూడా.

ఆగస్టు 8, శుక్రవారం

పాస్టరు ఏసుపాదం అయ్యగారు ఫోన్ చేశారు. ఆదివారం చెన్నై నుంచి బోధకుడొస్తున్నారట, తర్జుమా మీదేనండీ అన్నారు. ప్రార్థన విన్నపాలుంటే చీటీ రాసి పంపమన్నారు.

చీటీ మీద పరిమళ అని రాశాను. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు. దేని గురించి ప్రార్థించమని రాయను? పెళ్లానికి ఏమైందో తెలియని మొగుడిని. ఏడుపొచ్చేసింది. సిగ్గు తగలెయ్య, రేపు వెళ్లి అడిగేస్తాను.

ఆగస్టు 9, శనివారం, ఉదయం 11

మొదటి టోకెన్ నాదే. వెనక బెంచీ నిండా జనం. ఉంటే ఉన్నారు. మొన్న మీరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదండీ, తెలుగులో చెప్పండి, మా ఆవిడ బతుకుతుందా అన్నాను.

డాక్టరు గారు పెన్ను కింద పెట్టేశారు. అయ్యో, అది హాని లేని గడ్డండీ, సర్జరీ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి స్కాన్ తీయించుకుంటే చాలు అన్నారు. తర్వాత ఆయనే నవ్వేశారు. మాది రోలుగుంటండీ, చదివింది తెలుగు మీడియం, మీరు ఇంటర్‌ప్రెటర్ అనేసరికి తప్పులు పడతారేమోనని పుస్తకంలో మాటలన్నీ ఏరుకుని చెప్పాను, చెమటలు పట్టేశాయి అన్నారు. ఇద్దరం పగలబడి నవ్వాం. బెంచీ మీద ముసలామె, అయితే నాకూ తెలుగులోనే సెప్పు బాబూ అంది.

బయటికొచ్చి స్కూటర్ మీద కూర్చుని ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో!

మధ్యాహ్నం 2

పరిమళకి అంతా చెప్పేశాను. ఏటీ లేదని నాకు మంగళవారమే తెలుసు అంది. నేను స్కూటర్‌కి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర నర్సు షర్మిల సిస్టర్‌ని అడిగిందట. మీ మీద నమ్మకం లేక కాదండీ, తెలుగులో ఇన్నాక గానీ నా బయం తీరలేదు అంది. నేను అన్నం మానేస్తే ఆఫీసులో ఏదో గొడవనుకుందట.

చర్చి సంగతీ చెప్పాను. అదీ తెలుసట. బోధకుడు రెండు ముక్కలంటే మీరు పది అంటారు, మాకు తెలీదేటండీ అంది. మరి ఇన్నేళ్లూ అడగలేదేం అంటే, మీ ప్రసంగమే బావుంటాది అంది.

ఫ్రిజ్‌లోంచి రొయ్యలు తీసి వేడి చేసింది. గిన్నె ఖాళీ చేశాను.

ఆగస్టు 10, ఆదివారం

చెన్నై బోధకుడి పక్కన తర్జుమాకి నిలబడ్డాను. మూడో మాటకే ఆగిపోయాను. ఇది నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అన్నాను. ముందు ఇంగ్లీష్‌లో ఆయనతో, తర్వాత తెలుగులో మైకులో అందరికీ. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో ఆమేన్ అన్నారు.

పరిమళ గొంతే.