చూపించిన మంట

ఫిబ్రవరి 8, 1993. సోమవారం

ప్రిన్సిపాల్ పిలిచి, "స్వరాజ్యలక్ష్మి గారూ, మీ పేరు ఇచ్చేశాను" అన్నారు. ఏప్రిల్‌లో విదేశీ టీమ్ వస్తోందట. చిన్నకోడూరు అవతలి ఊళ్లో గోబర్ గ్యాస్ ప్లాంటు చూస్తారట. వాళ్ల ఇంగ్లీషు ఊరివాళ్లకు, ఊరివాళ్ల మాట వాళ్లకు చెప్పాలి. నన్ను అడగలేదు, చెప్పారంతే. అయినా కాదనలేదు. పోయినేడాది బ్రెజిల్‌లో దేశాలన్నీ కూర్చుని, భూమి వేడెక్కకుండా చూడాలని సంతకాలు పెట్టిన వార్తను నేనే క్లాసులో చదివించాను. పొగ తగ్గించాలి, ఉన్న దేశాలు లేని దేశాలకు సాయం చేయాలి అని. సిద్దిపేటలో ఆ మాటలు బోర్డు మీద రాసి తుడిచేశాం. అవి మా మండలం దాకా జీపెక్కి వస్తాయనుకోలేదు.

ఫిబ్రవరి 14, ఆదివారం

గ్యాస్ ప్లాంట్ల ఫీల్డ్ ఆఫీసర్ రామేశ్వర్ జీపులో తీసుకెళ్లాడు. కుర్రవాడు కాదు, నా వయసే ఉంటుంది. దారంతా ప్లాంటు గురించే.

ప్లాంటు చూసుకునేవాడు సామ్యూల్. ఇంటింటికీ తిరిగి పేడ ఎత్తుకొచ్చి, నీళ్లు కలిపి గుంతలో పోస్తాడు. గుంత వాళ్ల ఇంటి వెనకే. భార్య పేరు దుర్గవ్వ. చర్చిలో రూతమ్మ అంటారట, వాడలో మాత్రం ఎవరూ అలా పిలవరు.

దుర్గవ్వ పొయ్యి వెలిగించి చూపింది. నీలం మంట. పొగ లేదు, మసి లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ జీవితమంతా కట్టెల పొయ్యి ఊదింది. చివరి ఏడాది కూర్చునే నిద్రపోయేది, పడుకుంటే ఊపిరాడేది కాదు.

"మా ఆమె దగ్గు బందయింది మేడం" అన్నాడు సామ్యూల్. విదేశీయులు ఎందుకొస్తున్నారో నాకు తెలిసినంత చెప్పాను. పడీపడీ నవ్వాడు. "మా పొయ్యి పొగకేనా మేడం, భూమి కాలవట్టింది?" నేనూ నవ్వాను.

మార్చి 21, ఆదివారం

ప్లాంటు ఆగిపోయింది. బోర్లు ఎండాయి, గడ్డి లేదు. ఊరంతా పశువులను అంగడికి తోలేసింది. పేడెక్కడిది? రామేశ్వర్ పై ఆఫీసర్‌కు చెప్పాడట. ఫైలులో ఈ ఊరే ఉంది, మార్చలేం అన్నాడట. టీమ్‌కు నచ్చితే ఈ చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ ప్లాంట్లు వస్తాయట. చాలా ఊళ్లలో ఇప్పటికే గుంతలు తవ్వుతున్నారు.

ఏప్రిల్ 10, శనివారం

సామ్యూల్ చనిపోయాడు.

ఏప్రిల్ 11. ఈస్టర్

వెళ్లొచ్చాను. జరిగింది రాసేస్తాను.

ట్రాక్టరుతో పేడ తెప్పించారు. లోపల పాత పేడ గట్టిగా అట్టకట్టింది. అది తీస్తే గానీ కొత్తది పనిచేయదు. టీమ్ వచ్చేది గురువారం, ఆలోపు మంట కావాలని పై ఆఫీసర్ హుకుం. మూత తీశారు. సామ్యూల్ పార పట్టుకుని నిచ్చెన మీద దిగాడు. ఒక్కసారి దుర్గవ్వను పిలిచాడట. తర్వాత చప్పుడు లేదు. పక్కింటి కాశయ్య దిగబోతే ఆడవాళ్లు నడుం పట్టుకుని వెనక్కి లాగారు. లేకుంటే అతనూ పోయేవాడు. తాళ్లకు కొక్కేలు కట్టి సామ్యూల్‌ను పైకి లాగేసరికి అంతా అయిపోయింది.

గుంతలో విషవాయువు ఉంటుంది, మూత తీశాక రోజుల తరబడి వదిలేయాలి. ట్రైనింగులో చెప్పారట. ఆ మాట రామేశ్వరే నాతో అన్నాడు. "టైం లేదన్నరు మేడం. నేను వద్దనకపోతి" అంటూ చర్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

లోపల పండగ పాటలు పాడలేదు. దుర్గవ్వ ఏడవలేదు. మట్టి వేసేటప్పుడు మాత్రం, "ఇగ చాలు, ఇగ చాలు" అని అందరి చేతులూ పట్టుకుంది.

ఏప్రిల్ 13, మంగళవారం

విజిట్ రద్దు కాలేదు.

రామేశ్వర్ ఇంటికి వచ్చాడు. ప్రమాదం వేరు, ప్రోగ్రాం వేరు అన్నాడట ఆఫీసర్. గోడ వెనక వంటగ్యాస్ సిలిండర్ పెట్టి, దుర్గవ్వ పొయ్యికి ట్యూబు కలుపుతారట. నన్నేమీ అనవద్దన్నాడు. "ఒక్కరోజు మేడం. చుట్టూత ఊళ్లకు మంచి జరుగుతది" అన్నాడు. కాఫీ ఇచ్చాను. తాగకుండా వెళ్లిపోయాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. అదే నన్ను తినేస్తోంది.

ఏప్రిల్ 15, గురువారం. సాయంత్రం

ముగ్గురు వచ్చారు. పెద్దావిడ ఒకరు, నెరిసిన జుట్టు, మెత్తటి మాట. కాశయ్యను ముందే పొలం వైపు పంపేశారు. ఆఫీసర్ ఇంగ్లీషు బాగానే మాట్లాడతాడు, ప్లాంటు చూసుకునే మనిషి ఊళ్లో లేడని ఆయనే చెప్పాడు. దుర్గవ్వ పొయ్యి ముందు కూర్చుంది. చేతులకు గాజుల్లేవు. ఆఫీసర్ అగ్గిపుల్ల గీశాడు. మంట వచ్చింది. ఫొటో తీశారు.

ఈ గ్యాసు వల్ల మీ బతుకులో ఏం మారిందో అడగమంది పెద్దావిడ. అడిగాను.

దుర్గవ్వ నా వైపు చూసింది. పెద్దావిడ వైపు కాదు, నా వైపే.

"మా ఆయన గా గుంతల దిగి సచ్చిండు. గీ మంట గుంతది గాదు. చెప్పు మేడం, ఉన్నదున్నట్టు చెప్పు."

ఆఫీసర్ దగ్గాడు. రామేశ్వర్ తల దించుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లు గుర్తొచ్చాయి. అమ్మ గుర్తొచ్చింది.

చెప్పాను. ఉన్నదున్నట్టే చెప్పాను.

పెద్దావిడ వంగి మంట ఆర్పేసింది. తర్వాత దుర్గవ్వ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. నేను చెప్పవలసిందేమీ లేకపోయింది.

మే 5, బుధవారం

రామేశ్వర్ సస్పెండ్. ఆఫీసర్‌కేమీ కాలేదు.

జూన్ 28, సోమవారం

టీమ్ వెనక్కి తగ్గింది. ఇక్కడి పనులన్నీ ఆపేశారు. దుర్గవ్వకు ఏమీ రాదు. సామ్యూల్ ఆఫీసు మనిషి కాదు, సొంతిష్టంతో దిగాడు అన్నారట. పెద్దావిడ ఏమైనా రాస్తుందేమోనని చూశాను. లేదు.

ఈ రోజు బస్సులో పక్కన భారతమ్మ అనే ఆమె కూర్చుంది. గుంతలు తవ్విన ఊళ్లలో ఒకటైన చంద్లాపూర్ నుంచి. నన్ను గుర్తుపట్టింది. "గా మేడంవి నువ్వేనా? మా ఇంటెన్క గుంత తవ్వి ఇడిసిపెట్టిన్రు. వానకు నిండింది, మ్యాకపిల్ల పడి సచ్చె. ఆమె మొగడు పోయిండు, పాపమే. మేం పొగల్నే సావాల్నా?"

నిజం చెప్పకపోతే ఏమయ్యేది అని ఇన్ని రోజులూ ఆలోచించాను. చెబితే ఏమైందో ఆమె చెప్పింది. సిద్దిపేట వచ్చేదాకా కిటికీలోంచే చూశాను. దిగేటప్పుడు ఆమె నా గొడుగు అందించి, "మర్చిపోయినవ్" అన్నది.

ఆగస్టు 22, ఆదివారం

నేను వెళ్లేసరికి దుర్గవ్వ కట్టెలు కొడుతోంది. మళ్లీ దగ్గు. ఆ రోజు తను అన్న మాట ఇంగ్లీషులో ఎలా చెప్పానో ఒక్కసారి వినిపించమంది. చెప్పాను. గొడ్డలి ఆపి విన్నది.

"గంతేనా?" అన్నది. "గింత చిన్నగుంటదా?"