ఇరవై రెండో పోర్టు

సంత ముందురోజు, రాత్రి

ముంచింగిపుట్టు అవతల ఆసుపత్రి సర్వర్‌లో అక్కర్లేని పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారులు, మూసేద్దామని అరకులో కూర్చుని ఫైర్‌వాల్ పెట్టాను. ఇక్కణ్ణుంచి నేను లోపలికి వెళ్ళే ఇరవై రెండో పోర్టునీ పొరపాటున మూసేసుకున్నాను. ఆ సర్వర్ మీదే నడిచే మందుల గది కంప్యూటర్ కూడా ఆగిపోయింది. రేపు సంతకు వెళ్ళేవాళ్ళంతా మందులకు అక్కడే ఆగుతారు.

చీకటి పడ్డాక నర్సు రాములమ్మ ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం ఆసుపత్రి వెనక కొండెక్కింది, పాపం.

"ఏటి కొట్టాలో బేగి సెప్పండి సారూ, ఇక్కడ ఎలుగులు తిరుగుతాయి," అంది.

ఆ పోర్టు ఒక్కటీ తెరుచుకుంటే మిగతాది ఇక్కణ్ణుంచి నేనే సరిచేస్తాను. సర్వర్ దగ్గర ఆమె కొట్టాల్సిన కమాండ్ ఒక్కో అక్షరమూ చెప్పాను. అరచేతి మీద రాసుకుని దిగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఆ సర్వర్ పాస్‌వర్డ్ మార్చాను, ఆమెకు చెప్పలేదు. అది లేకుండా ఆ కమాండ్ పనిచేయదు. ఇప్పుడు నేను ఫోన్ చేసినా కింద మోగదు.

ఆమె మళ్ళీ ఆ కొండ ఎక్కకూడదు అనుకుంటూనే ఫోన్ వైపు చూస్తున్నాను.