చెరిసగం మాత్రలు

12 జనవరి 2016

రొమ్ము తీసేశాక పీడ వదిలిందనుకున్నాను. ఇప్పుడు ఎముకల్లోకి వచ్చిందట. గుంటూరులో డాక్టరమ్మ, కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోంది, చేరతావా సరోజమ్మా అన్నారు. పాత మందుతో పాటు రోజూ ఒక కొత్త మాత్ర. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో ఆవిడకూ తెలియదట. అంగన్‌వాడీలో గుడ్లు పంచేదాన్ని నేను. ఒక పిల్లకు గుడ్డు, ఇంకో పిల్లకు ఉత్త పెంకు పెడితే ఊరు ఊరుకుంటుందా?

అయినా సంతకం పెట్టాను. బతకాలని ఉంది.

9 ఫిబ్రవరి, రైల్లో

నేను గిద్దలూరులో ఎక్కాను. మార్కాపురంలో ఎక్కిన పాపమ్మదీ నా జబ్బే, అదే ట్రయల్. త్రిపురాంతకం పక్క పల్లె. గొర్రెలు కాస్తారు. మూట విప్పి జొన్నరొట్టె తుంచి, వద్దన్నా సగం నా డబ్బా మూతలో పెట్టింది. పక్కన మనిషుండగా ఒక్కతే తింటే గొంతు దిగదంట ఆమెకు. అక్కా అన్నాను. చెల్లా అంది.

3 మార్చి

నోరంతా పూసింది. మంచినీళ్లు తాగినా మంటే. అసలు మందైతే నోరు పూస్తుందని ఆసుపత్రి బెంచీ మీద ఎవరో అనుకుంటుంటే విన్నాను. సంతోషంగా ఉంది.

8 మార్చి

ఇద్దరికీ కొత్త సీసాలిచ్చారు. తిరుగు బండిలో పాపమ్మక్క నా నోరు తెరిపించి చూసింది. తన నోరూ చూపించింది. శుభ్రంగా ఉంది. నీకు అసలు మందే వచ్చింది చెల్లా, నాకు సున్నం బిళ్లలిచ్చినారు అంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రొట్టె మూట విప్పలేదు.

వినుకొండ దాకా ఓర్చుకున్నాను. తర్వాత డబ్బా మూతలో రెండు సీసాలూ గుమ్మరించాను. చూడ్డానికి అన్నీ ఒకటే. కలిపి, చెరిసగం సీసాల్లో పోశాను. ఏంది చెల్లా ఈ పని, నీది నువ్వు తిను అంది. అన్నం పంచుకున్నాక మందు దాచుకుంటామా అన్నాను. నర్సు చెప్పిన జాగ్రత్తల్లో ఇది లేదు. ఇలా చేసేవాళ్లుంటారని తోచి ఉండదు.

నాకు నేనే గొప్పగా కనిపించాను. ఆ మాట రాయకపోతే అబద్ధం.

2 ఏప్రిల్

పాపమ్మక్క ఫోన్. ఒకటే నవ్వు. నాకూ పూసింది చెల్లా, సంగటి గూడ మింగలేకపోతున్నా అంది.

10 మే

మళ్లీ చెరిసగం.

14 జూన్, సాయంత్రం

స్కాన్లొచ్చాయి. ఇద్దరికీ పెరిగింది. ఇలా పెరిగితే ఎవరివి ఏ మాత్రలో విప్పి చూస్తారట. నావి మొదటి నుంచీ ఉత్తవే. నోరు ఊరికే కూడా పూస్తుందట.

ఉత్త మాత్రలు తిన్నవాళ్లకు ఇప్పుడు అసలు మందు ఇస్తారు. నా చేతికి సీసా ఇచ్చారు. అసలు మందు తిన్నా పెరిగినవాళ్లకు ఇక ఇవ్వరు.

బయట బెంచీ మీద పాపమ్మక్క ఉంది. నావి అసలు మందేనంట చెల్లా, సున్నం బిళ్లలు గాదు, నా ఒంటికే పడలేదు, ఇంక రావద్దన్నారు అంది. నావి ఏవని అడగలేదు. నేను చెప్పలేదు.

ఇస్తున్నాననుకున్నాను. ఆమె మందులో సగం తినేశాను.

16 జూన్

సీసా మూత తియ్యలేదు. పంచుకున్న సంగతి చెబితే ఇది పోతుంది. చెప్పకపోతే పాపమ్మక్కకు మందు పనిచేయలేదని రాసేసుకుంటారు. ఆమె తిన్నది సగమే. అది చూసి రేపు ఇంకో ఆడమనిషికి ఈ మందు దండగంటారు. మా ఆయనతో కలిసి మోకాళ్ల మీద కూర్చున్నాను. బతకాలని ఉంది ప్రభువా అన్నాను. అంతకు మించి ప్రార్థన రాలేదు.

21 జూన్

డాక్టరమ్మకు చెప్పాను. ఏ తేదీన ఎన్ని కలిపామో అడిగి ఫైల్లో రాసుకున్నారు. తిట్టినా బాగుండేది. సీసా తీసేసుకున్నారు. మా ఇద్దరినీ ట్రయల్ నుంచి తీసేస్తారట. ఆమెకైనా మొదటి నుంచి మళ్లీ ఇవ్వండమ్మా అని బతిమాలాను. జబ్బు పెరిగాక కుదరదన్నారు.

22 జూన్

మార్కాపురంలో దిగి, బస్సెక్కి వాళ్ల పల్లెకు వెళ్లాను. పాపమ్మక్క మంచం మీద ఉంది. అంతా చెప్పాను. విని, మరి నా సగం తిన్నన్నాళ్లు నీకు కొంచెమన్నా గుణం కనపడిందా చెల్లా అని అడిగింది.

కనపడిందక్కా అన్నాను.