తలకిందులుగా వేలాడుతున్న సముద్రపు అడుగు

మ్యూజియంలో ముప్పై ఒక్క ఏళ్ళు రాళ్ళలోని శిలాజాలను సూదితో శుభ్రం చేసి, అందరి నోటా సూదమ్మనైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా బుర్ర నిక్షేపంగా ఉంది, చేతులే వణుకుతున్నాయి. నాకు మతి చలించిందని కోర్టులో చెప్పాలని మా అన్నయ్య అనుకుంటే, డాక్టరు కాగితం జతపరిచాను. చదువుకోమనండి.

1. అదే మ్యూజియంలో ప్రొఫెసరుగిరీ వెలగబెట్టిన మా అన్నయ్యకు, నా బీరువాలోని సీసాడు రాతిపొడి దఖలు పరుస్తున్నాను. అదేమిటో ఆయనగారికి తెలుసు. మిగతావారి కోసం రాస్తున్నాను. క్వారీలో ఒకే పొర నుంచి రెండు పలకలు వచ్చాయి. కోట్ల ఏళ్ళ కిందటి, లోతు తక్కువ సముద్రపు అడుగు అది. మొదటి పలక గోడకు ఆనాలి, వెనకవైపు చదును చెయ్యమన్నాడు. ఆ వెనకవైపే అసలు పైభాగమని, బురదపొర కింద సముద్రకలువలు ఉన్నాయని చెప్పాను. పేరుకు కలువలే గానీ అవి జంతువులు. "సూది పట్టుకోవడం నీ పని. ఏది కిందో ఏది మీదో చెప్పడం నా పని" అన్నాడు. పదకొండు రోజులు అరగదీశాను. ఆ పొడే ఈ సీసాలో ఉంది. ఆ పలక ఇప్పటికీ మ్యూజియం గోడకు, పురుగుల బొరియల అడుగుభాగం చూపిస్తూ, "సముద్రపు అడుగు, పైభాగం" అన్న ఆయన చీటీతో వేలాడుతోంది.

2. రెండో పలక నా స్వార్జితం. క్వారీ యజమాని రసీదు జతపరిచాను. దీన్ని ఇరవై రెండేళ్ళు ఆదివారాలు మానకుండా మా ఇంట్లో నేనే శుభ్రం చేశాను. సముద్రకలువలు, వాటి మొదళ్ళలో గవ్వలు, ఒక గవ్వ వీపున పెరిగిన పగడం. ఒక్కసారిగా బురద కప్పేస్తే ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఎవరి పక్కన ఎవరు బతికారో కనిపించడమే దీని విలువ. నేను ఆసుపత్రిలో ఉండగా, తన సన్మానానికి వచ్చేవాళ్ళకు తలో ముక్క పంచడానికి అన్నయ్య దీన్ని కోయించబోయాడు. జ్ఞాపికలట! ఇది నలుగురూ చూస్తే తన చీటీ తప్పని తేలుతుందని భయం. సిగ్గుండాలి. రంపం తెచ్చిన రాతిమేస్త్రీ పలకను కాసేపు చూసి, "ఇన్ని ప్రాణాలు కలిసున్నదాన్ని నేను కొయ్యను సార్, ఇంకొకణ్ణి చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. నా తదనంతరం ఈ పలక సర్వహక్కులతో ఆ మేస్త్రీదే. కోయకూడదు, పంచకూడదు.

3. ఇంకో మేస్త్రీ లోపలికి రాకుండా, నేను ఆసుపత్రి నుంచి వచ్చేదాకా రెండు రోజులు, తన దగ్గరున్న నా ఇంటి తాళంచెవి కనిపించడం లేదని మొగుడితో అబద్ధమాడిన మా వదినకు నా భూతద్దం. వదినా, నీకు చూపు తగ్గుతోంది, దగ్గర పెట్టుకో. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా నీదే.

4. మేస్త్రీ తన షెడ్డులో పలకను అందరికీ కనిపించేలా నిలబెట్టి, కింద నేను చెప్పే చీటీ పెట్టాలి. దీని జోడు పలకను ఎవరు నాశనం చేశారో అందులో ఉండాలి. చెప్పింది అన్నయ్యే, నిజమే. కానీ అరగదీసే యంత్రం నా చేతిలో ఉంది. మూడో రోజుకే కలువలు బయటపడ్డాయి. ఉద్యోగం పోతుందని భయపడి, మిగిలిన ఎనిమిది రోజులూ వాటిని చూస్తూనే అరగదీశాను. చీటీలో అన్నయ్య పేరు వద్దు. నా పేరు రాయండి.

14 మార్చి 2018, బుధవారం

(చేవ్రాలు) సూదమ్మ

సాక్షులు:
1. పక్కింటి దర్జీ
2. మ్యూజియం పాత కాపలాదారు